గేటు లేని టోల్‌కీ గడువు ఉంటుంది: విదేశాల్లో అద్దె కారు నడిపేవాళ్లకు

ప్రశ్న: "అద్దె కారులో యూరప్‌లో రెండు వారాలు తిరిగాం. కొన్నిచోట్ల గేటు దగ్గర కట్టాం, కొన్నిచోట్ల ఎవరూ ఆపలేదు, అడగలేదు. ఇంటికొచ్చిన రెండు నెలలకు రెంటల్ కంపెనీ మా క్రెడిట్ కార్డు మీద టోల్ ఒకటి, సర్వీసు ఛార్జీ ఒకటి, జరిమానా ఒకటి, మూడు మొత్తాలు వేసింది. అసలు ఎక్కడ కట్టి ఉండాల్సింది? ఇప్పుడేం చేయాలి? వచ్చే వేసవిలో అమెరికాలో నడపాలి, అక్కడైనా ఇలా కాకుండా ఏం చూసుకోవాలి?"

గేటు లేని రోడ్ల మీద టోల్ బాకీ డ్రైవరు మీద పడదు, నంబర్ ప్లేటు మీద పడుతుంది. మీకు జరిగినదంతా ఈ ఒక్క సంగతిలోంచే వచ్చింది. కెమెరా ప్లేటు ఫొటో తీస్తుంది. ఆ ప్లేటు ఎవరి పేరున ఉందో వాళ్లకు నోటీసు వెళ్తుంది. అద్దె కారుకైతే అది రెంటల్ కంపెనీ. ఆ రోజు కారు ఎవరి దగ్గరుందో వెతికి, మీ వివరాలు టోల్ సంస్థకు పంపినందుకో, తనే కట్టి మీ దగ్గర రాబట్టుకున్నందుకో కంపెనీ సర్వీసు ఛార్జీ వేస్తుంది. ఈ ఉత్తరాలు అటూ ఇటూ తిరిగేలోపు టోల్ గడువు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది, అందుకే జరిమానా. సర్వీసు ఛార్జీ సాధారణంగా ఒక్కో నోటీసుకు ఒకటి. నాలుగుసార్లు కెమెరా కింద నుంచి వెళ్తే నాలుగు పడొచ్చు. టోల్ చిన్నదైనా మొత్తం బిల్లు పెద్దదయ్యేది ఇక్కడే.

కాబట్టి కారు తాళం చేతికొచ్చేలోపు తెలుసుకోవాల్సినవి మూడు. మీరు వెళ్లే దారిలో టోల్ ఏ పద్ధతిలో వసూలు చేస్తారు, గేటు లేకపోతే ఎన్ని గంటల్లో కట్టాలి, ఈ కారు ప్లేటు ఇప్పటికే ఏదైనా టోల్ ఖాతాకు కలిపి ఉందా. మూడో ప్రశ్న కౌంటర్లో అడిగేవాళ్లు చాలా తక్కువ. ఎక్కువ డబ్బు పోయేది కూడా దాని దగ్గరే.

యూరప్‌లో పద్ధతులు మూడు రకాలు. ఒకటి, దూరాన్ని బట్టి టికెట్ తీసుకుని దిగేచోట కట్టడం. ఫ్రాన్స్, ఇటలీ మోటార్‌వేల మీద ఎక్కువగా ఇదే. రెండోది విన్యెట్, అంటే ఇన్ని రోజులకని ముందే కొనుక్కునే రోడ్డు అనుమతి. ఆస్ట్రియా, స్విట్జర్లాండ్, స్లొవేనియా, హంగరీ, చెక్ దేశాల్లో ఇది. మూడోది గేటే లేని ఫ్రీ ఫ్లో. రోడ్డుకు అడ్డంగా పైన ఒక ఇనుప దూలం, దాని మీద కెమెరాలు, అంతే. మిమ్మల్ని దెబ్బ కొట్టింది దాదాపు కచ్చితంగా ఈ మూడోదే.

ఫ్రాన్స్‌లో ఏ79 మీద 2022 నవంబరు నుంచి గేట్లు లేవు. పారిస్ నుంచి నార్మండీ వైపు వెళ్లే ఏ13, దాని పక్కనున్న ఏ14 కూడా 2024లో ఇలాగే మారాయి. వీటి మీద ప్రయాణించాక 72 గంటల్లోగా ఆపరేటరు వెబ్‌సైటులో ప్లేటు నంబరు కొట్టి కట్టాలి. ఇటలీలో మిలాన్‌కు ఉత్తరాన ఉన్న పెడెమొంటానా లొంబార్డా, అంటే ఏ36, కూడా ఫ్రీ ఫ్లోనే. అక్కడ 15 రోజులు సమయమిస్తారు. ఐర్లండ్‌లో డబ్లిన్ చుట్టూ తిరిగే ఎం50 మీద 6, 7 జంక్షన్ల మధ్య ఒకే ఒక కెమెరా టోల్ ఉంది, మర్నాటి రాత్రి 8 గంటల్లోగా కట్టాలి. ఆ దేశంలో మిగతా టోల్ రోడ్ల మీద మామూలు గేట్లు ఉంటాయి కాబట్టి ఇక్కడా అలాగే ఉంటుందనుకుని చాలామంది పొరబడతారు. లండన్ తూర్పున థేమ్స్ నది దాటే డార్ట్‌ఫర్డ్ క్రాసింగ్‌లో 2014లో గేట్లు తీసేశారు. ఉదయం 6 నుంచి రాత్రి 10 వరకు దాటితే మర్నాటి అర్ధరాత్రిలోగా కట్టాలి. 2025 సెప్టెంబరు 1 నుంచి కారుకు 3.50 పౌండ్లు. కట్టకపోతే 70 పౌండ్ల నోటీసు, 14 రోజుల్లో కట్టేస్తే 35.

ఈ రోడ్ల మీద బోర్డులు ఉంటాయి, కానీ 110 కిలోమీటర్ల వేగంలో తెలియని భాషలో చదవడం కష్టం. అందుకే మ్యాప్‌లో దారి వేసుకున్న వెంటనే టోల్ ఉన్న ముక్క ఏదో, దాని రోడ్డు నంబరేంటో రాసి పెట్టుకోండి. ఆ రోజు హోటల్ చేరగానే ఆపరేటరు సైటులో ప్లేటు కొట్టి చూడండి. దాటిన గంటలోనే చూస్తే "బాకీ లేదు" అని రావచ్చు. ఫొటో ఇంకా వ్యవస్థలోకి ఎక్కలేదని అర్థం, టోల్ లేదని కాదు. మర్నాడు ఉదయం మళ్లీ చూడాలి. "బాకీ లేదు" అన్నది చూసి వదిలేసినవాళ్లకే జరిమానాలు ఎక్కువ పడతాయి.

విన్యెట్ దేశాల్లో సమస్య వేరు. అక్కడ వెళ్లాక కట్టడం ఉండదు, మోటార్‌వే ఎక్కేముందే కొని ఉండాలి. (హంగరీలో మాత్రం ఎక్కాక 60 నిమిషాల వెసులుబాటు ఉంది. దాని మీద ఆధారపడొద్దు. సరిహద్దు దాటగానే ఫోన్ సిగ్నల్ పోతే ఆ గంట ఇట్టే అయిపోతుంది.) డిజిటల్ విన్యెట్ ప్లేటు నంబరుకు కట్టుబడి ఉంటుంది. అద్దె కారు ప్లేటు ముందుగా తెలియదు కాబట్టి కారు తీసుకున్నాక పార్కింగ్‌లోనే కూర్చుని కొనాలి. కొనేటప్పుడు తప్పులు ఎక్కువగా మూడు చోట్ల దొర్లుతాయి. ప్లేటు ఏ దేశానిదో ఎంచుకునే పెట్టెలో ప్రయాణించే దేశం పెట్టేస్తారు. మ్యూనిక్‌లో తీసుకున్న కారుతో ఆస్ట్రియా వెళ్తే అక్కడ ఎంచుకోవాల్సింది జర్మనీ. సున్నాకీ, గుండ్రని "ఓ" అక్షరానికీ తేడా చూసుకోరు. జర్మన్ ప్లేట్ల మీద రెండు చుక్కలున్న అక్షరాలు వస్తే చుక్కలు వదిలేస్తారు. ప్లేటును బట్టి కాకుండా కారు రిజిస్ట్రేషన్ కాగితంలో ఉన్నదాన్ని బట్టి కొట్టండి. ఒక్క అక్షరం తేడా వచ్చినా కెమెరా లెక్కలో మీ కారుకు విన్యెట్ లేనట్టే.

ఆస్ట్రియాలో ఇంకో ముడి ఉంది. రెండు నెలల, ఏడాది డిజిటల్ విన్యెట్లను మామూలు వినియోగదారుగా ఆన్‌లైన్‌లో కొంటే కొన్న రోజు నుంచి 18వ రోజుకు గానీ చెల్లవు. కొన్నది వెనక్కిచ్చే హక్కు గడువు ముగియాలని ఆ నిబంధన. కాబట్టి చివరి నిమిషంలో ఆన్‌లైన్‌లో అవి కొని బయల్దేరకండి. కొన్నాక రసీదులో "చెల్లుబాటు మొదలు" అన్న తేదీని తప్పకుండా చదవండి. అధికారిక సైటు అక్కడి మోటార్‌వేలు నడిపే ఆస్‌ఫినాగ్ సంస్థది. వెతికినప్పుడు పైన ప్రకటనలుగా వచ్చే మధ్యవర్తుల సైట్లు అదే విన్యెట్‌కు అదనపు రుసుము కలుపుతాయి. అంటించే స్టిక్కరైతే అద్దానికి అంటించి ఉండాలి, డ్యాష్‌బోర్డు మీద పెడితే చెల్లదు. విన్యెట్ ఉన్నా బ్రెనర్ దారి ఏ13, టావర్న్ దారి ఏ10 లాంటి కొన్ని కొండదారులకు విడిగా టోల్ ఉంటుంది. అది మోసమేమీ కాదు, అక్కడ పద్ధతే అది.

స్విట్జర్లాండ్‌లో వారం రోజుల విన్యెట్ అనేదే లేదు. ఒక్క పూట దాటి వెళ్లినా ఏడాదిదే కొనాలి, 40 ఫ్రాంకులు. లేకుండా దొరికితే 200 ఫ్రాంకుల జరిమానా, పైన విన్యెట్ ధర. 2023 ఆగస్టు నుంచి డిజిటల్‌గా కూడా దొరుకుతుంది. స్విట్జర్లాండ్‌లోనే అద్దెకు తీసుకున్న కారుకు అది ముందే ఉంటుంది, పక్క దేశంలో తీసుకుంటే ఉండకపోవచ్చు, అడగాలి. స్లొవేనియాలో జరిమానా కనీసం 300 యూరోలు. ఆస్ట్రియా నుంచి క్రొయేషియా బీచ్‌లకు వెళ్తూ స్లొవేనియాను ఓ గంటలో దాటేస్తాం కదా అనుకునేవాళ్లు అక్కడ పట్టుబడతారు.

గేట్లున్న చోట వచ్చే చిక్కులు ఎక్కువగా లేన్ ఎంపికలోనే. ఫ్రాన్స్‌లో నారింజ రంగు "టి" అక్షరం మాత్రమే ఉన్న లేన్, టోల్ పరికరం (కారు అద్దానికి అంటించే, టోల్ దానంతటదే కట్టేసే చిన్న పెట్టె) ఉన్నవాళ్లకు, ఆకుపచ్చ బాణం ఉన్నది అందరికీ. ఇటలీలో పసుపు రంగు టెలిపాస్ లేన్ పరికరం ఉన్నవాళ్లకు, నీలం కార్డులకు, తెలుపు నగదుకు. పోర్చుగల్‌లో ఆకుపచ్చ వియా వెర్డే లేన్ పరికరం ఉన్నవాళ్లది. పొరపాటున అలాంటి లేన్‌లోకి వెళ్తే వెనక్కి తీయకండి. వెనకవాళ్లు వేగంగా వస్తుంటారు, జరిమానాకన్నా ప్రమాదం పెద్దది. యంత్రం మీద సహాయం బటన్ నొక్కండి. ఇటలీలో చెల్లించలేదని ఒక చీటీ వస్తుంది, 15 రోజుల్లోగా కట్టేస్తే అదనంగా ఏమీ ఉండదు. ఆ చీటీని పారేయకుండా అదే రోజు కట్టేస్తే రెంటల్ కంపెనీ దాకా విషయం వెళ్లదు.

ఎక్కేటప్పుడు తీసుకున్న టికెట్ పోగొట్టుకుంటే ఆ దారిలో అన్నిటికన్నా దూరపు ప్రవేశం నుంచి వచ్చినట్టు లెక్కవేస్తారు. టికెట్‌ను ఎప్పుడూ ఒకేచోట, డ్రైవరు కాకుండా పక్క సీటువాళ్ల దగ్గర పెట్టండి. కారు పైన సామాను పెట్టె ఉంటే ఫ్రాన్స్‌లో ఎత్తు చూసే యంత్రం దాన్ని పెద్ద బండి తరగతిగా లెక్కవేసే అవకాశముంది. డబ్బు కట్టకముందే తెరమీద తరగతి చూసి, తప్పైతే సహాయం బటన్ నొక్కి చెప్పాలి. కట్టాక వాదించడం చాలా కష్టం.

కార్డు పనిచేయకపోవడానికి కారణం మీ బ్యాంకు ఖాతాలో డబ్బు లేకపోవడం కాకపోవచ్చు. వరుస కదలాలని టోల్ యంత్రాలు చాలాచోట్ల బ్యాంకును అప్పటికప్పుడు అడగకుండానే కార్డు తీసుకుంటాయి. ప్రతిసారీ బ్యాంకు అనుమతి తప్పనిసరి అయిన ప్రీపెయిడ్ కార్డులు, కొన్ని డెబిట్ కార్డులు అందుకే తిరస్కరణకు గురవుతాయి. రెండు వేర్వేరు కంపెనీల క్రెడిట్ కార్డులు, ఓ ఇరవై యూరోల చిల్లర దగ్గరుంచుకుంటే ఈ బాధ ఉండదు. తెర మీద "మీ దేశపు కరెన్సీలో కట్టాలా" అని అడిగితే వద్దనండి, స్థానిక కరెన్సీలోనే కట్టండి. లేకపోతే మార్పిడి రేటు తేడా మీ మీదే పడుతుంది.

ఇక అమెరికా. అక్కడ నగదు గేట్లు వేగంగా మాయమయ్యాయి. గోల్డెన్ గేట్ వంతెన 2013 మార్చి నుంచి, మసాచుసెట్స్ 2016 నుంచి, న్యూయార్క్ త్రూవే, పెన్సిల్వేనియా టర్న్‌పైక్ 2020 నుంచి పూర్తిగా ఎలక్ట్రానిక్. దేశమంతటికీ ఒకే పరికరం లేదు. తూర్పు, మధ్య రాష్ట్రాల్లో ఈజీపాస్, ఫ్లోరిడాలో సన్‌పాస్, కాలిఫోర్నియాలో ఫాస్‌ట్రాక్. ఈజీపాస్ ఫ్లోరిడాలో పనిచేస్తుంది, కాలిఫోర్నియాలో పనిచేయదు. సన్‌పాస్ ప్రో రకం ఈజీపాస్ రాష్ట్రాల్లో కూడా పనిచేస్తుంది. పరికరం లేకుండా ప్లేటు బిల్లు మీద వెళ్తే రేటు గణనీయంగా ఎక్కువ, పెన్సిల్వేనియాలో దాదాపు రెట్టింపు.

పెద్ద రెంటల్ కంపెనీలు తమ టోల్ పథకం అమ్ముతాయి. సౌకర్యం రుసుము అని రోజుకు ఇంత. మెలిక ఎక్కడంటే, కొన్ని కంపెనీలు టోల్ పడిన రోజుకే వేస్తాయి, కొన్ని ఒక్కసారి టోల్ పడితే చాలు కారు మీ దగ్గరున్న అన్ని రోజులకూ వేస్తాయి. పది రోజుల ట్రిప్‌లో ఒక్క వంతెన దాటినందుకు పది రోజుల రుసుము కట్టాల్సి రావచ్చు. ఒప్పందంలో ఈ వాక్యం ఎలా రాశారో కౌంటర్ దగ్గరే చదవండి. దారిలో రెండు మూడు టోల్‌లకు మించి లేకపోతే పథకం తీసుకోకుండా టోల్ లేని దారి ఎంచుకోవడం మేలు. న్యూజెర్సీ, ఫ్లోరిడా ఓర్లాండో చుట్టుపక్కల లాంటి చోట్ల రోజూ తిరిగితే మాత్రం ఏదో ఒక పరికరం ఉండాల్సిందే. ఓర్లాండో విమానాశ్రయంలో అద్దె కార్లవాళ్ల కోసమే విజిటర్ టోల్ పాస్ ఉంది. అక్కడ దిగేవాళ్లకు నేను మొదట చెప్పేది అదే.

పథకం వద్దన్నంత మాత్రాన మీరే నేరుగా కట్టొచ్చని అనుకోకండి. చాలా కంపెనీలు తమ కార్ల ప్లేట్లన్నిటినీ ముందే ఒక టోల్ ఖాతాకు కలిపి ఉంచుతాయి. కెమెరా ఫొటో తీయగానే ఆ ఖాతాలోంచి డబ్బు పోతుంది, మీకు రుసుము పడుతుంది. ఆ తర్వాత మీరు వెబ్‌సైటులో కట్టడానికి ప్రయత్నిస్తే బాకీ కనపడదు, లేకపోతే రెండుసార్లు కట్టినట్టవుతుంది. "ఈ ప్లేటు టోల్ ఖాతాలో ఉందా, నేను సొంతంగా కడితే మీ రుసుము పడుతుందా" అని సూటిగా అడగండి. జవాబు ఈమెయిల్‌లో తీసుకుంటే తర్వాత పనికొస్తుంది. సొంతంగా కట్టడానికి వీలుంటే గోల్డెన్ గేట్ వంతెనకు దాటడానికి 30 రోజుల ముందు నుంచి దాటాక 48 గంటల వరకు ఆన్‌లైన్‌లో కట్టొచ్చు. శాన్‌ఫ్రాన్సిస్కోలోకి వచ్చే దిశలోనే టోల్, బయటికి వెళ్లేటప్పుడు లేదు.

అక్కడున్న బంధువుల పరికరం తీసుకెళ్లడం మంచి ఉపాయమే, జాగ్రత్తలు తీసుకుంటే. వాళ్ల ఖాతాలో అద్దె కారు ప్లేటును చేర్పించండి, మొదలు తేదీ, ముగింపు తేదీ రెండూ పెట్టించండి. కారు తిరిగిచ్చాక ప్లేటు తీసేయడం మరిచిపోతే తర్వాత ఆ కారు నడిపేవాళ్ల టోల్‌లు మీ బంధువుల ఖాతాలో పడతాయి. అద్దె కారు అద్దానికి ఇప్పటికే పరికరం ఉన్న చిన్న పెట్టె ఉంటే దాని మూత పూర్తిగా జరిపి మూసేయాలి. తెరిచి ఉంటే రెండు పరికరాలూ చదివి రెండుచోట్లా డబ్బు పోతుంది. మీ పరికరాన్ని వెనకచూపు అద్దం వెనక, ముందు అద్దానికి అంటించండి. గ్లవ్ బాక్సులో పెడితే చదవకపోవచ్చు, అప్పుడు కెమెరా ప్లేటు బిల్లు వేస్తుంది. పెద్ద నగరాల్లో ఎక్స్‌ప్రెస్ లేన్ అని రోడ్డు మధ్యలో విడిగా ఉండే దారుల్లోకి పరికరం లేకుండా వెళ్లకండి. వాటి ధర రద్దీని బట్టి నిమిషనిమిషానికీ మారుతుంది. చాలావాటిలో పరికరం లేకపోతే నేరుగా ఉల్లంఘనే.

మిగతా దేశాలు క్లుప్తంగా. ఆస్ట్రేలియాలో టోల్‌లన్నీ ఎలక్ట్రానిక్, పరికరం లేకపోతే ప్రయాణం తర్వాత 3 రోజుల్లోగా పాస్ కొనాలి. న్యూజిలాండ్‌లో 5 పని దినాలు. కెనడాలో టొరంటో దగ్గర 407 హైవేకు గేట్లే లేవు, సమాంతరంగా 401 ఉచితం. దుబాయ్‌లో సాలిక్ (అక్కడి ఎలక్ట్రానిక్ టోల్) గేట్లకు 2025 జనవరి 31 నుంచి రద్దీ వేళల్లో 6 దిర్హాములు, రాత్రి 1 నుంచి 6 వరకు ఉచితం. అద్దె కార్లకు ట్యాగ్ ముందే ఉంటుంది, ఒక్కో గేటుకు కంపెనీ అదనంగా ఎంత వేస్తుందో అడగండి. జపాన్‌లో కారులో ఈటీసీ (అక్కడి ఎలక్ట్రానిక్ టోల్) పరికరం ఉన్నా కార్డు విడిగా అద్దెకు తీసుకోవాలి. ఆ కార్డు పెట్టకుండా ఊదారంగు ఈటీసీ లేన్‌లోకి వెళ్తే బార్ తెరుచుకోదు. ఆ లేన్‌లో గంటకు 20 కిలోమీటర్లకు మించి వెళ్లకూడదు. బార్ లేవకపోతే దిగకుండా, వెనక్కి తీయకుండా ఇంటర్‌కమ్ నొక్కండి.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న బిల్లు. రెంటల్ కంపెనీకి రాసి ప్రతి మొత్తానికీ మూల నోటీసు అడగండి: రోడ్డు, తేదీ, సమయం, ఫొటో. కారు తీసుకున్న, ఇచ్చిన సమయాలు మీ ఒప్పందంలో ఉంటాయి. ఆ రెండిటి మధ్య కాకుండా మరెప్పుడో దాటినది మీది కాదు. మీరు కారు తీసుకోవడానికి ముందు రోజు, తిరిగిచ్చాక అదే రోజు సాయంత్రం వేరేవాళ్లు దాటినవి మీకు పడటం అరుదేమీ కాదు. మీరు కట్టిన రసీదులు, కార్డు స్టేట్‌మెంట్ జతచేయండి. టోల్ నిజంగా మీదైతే అది తిరిగి రాదు, కానీ జరిమానా పడటానికి కంపెనీ నోటీసు ఆలస్యంగా పంపడమే కారణమైతే నోటీసు అందిన తేదీ చూపించి ఆ భాగం తగ్గించమని అడగొచ్చు. సర్వీసు ఛార్జీ ఒప్పందంలో ఒక్కో నోటీసుకా, ఒక్కో అద్దెకా అని ఎలా రాసి ఉందో చూసి, అంతకన్నా ఎక్కువ వేస్తే బ్యాంకులో అభ్యంతరం పెట్టండి. మొత్తం కట్టకుండా వదిలేస్తే పోతుందనుకోకండి. యూరోపియన్ యూనియన్ దేశాలు టోల్ కట్టని బండ్ల యజమానుల వివరాలు ఒకదానికొకటి ఇచ్చుకుంటున్నాయి, 2019లో వచ్చిన ఆదేశం అందుకు దారి చేసింది.

ఇంకొకటి. "టోల్ బాకీ ఉంది, ఈ లింకులో వెంటనే కట్టండి" అని మెసేజ్ వస్తే అందులోని లింకు తెరవకండి. 2024 మార్చి మొదటి నుంచి ఏప్రిల్ మధ్యలోపు ఇలాంటి నకిలీ మెసేజ్‌ల మీద తమకు 2,000కు పైగా ఫిర్యాదులు వచ్చాయని అమెరికాలో ఎఫ్‌బీఐ హెచ్చరించింది. మొత్తం చాలా తక్కువగా పెట్టి కార్డు నంబరు కాజేయడం వాళ్ల పని. నిజంగా బాకీ ఉందేమోనని అనుమానమైతే ఆ రోడ్డు ఆపరేటరు సైటు అడ్రసు మీరే కొట్టి, ప్లేటు నంబరుతో చూసుకోండి.